ట్రాక్టరు మార్చే ముందు గంటలు లెక్కేద్దాం

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అదే రోజు చిన్న కార్ల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. పట్నాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు, ఉన్న చిన్న కారు ఇచ్చేసి వేగంగా పోయేది కొనాలా, ఇంటిల్లిపాదికీ సరిపడేది కొనాలా అని తర్జనభర్జన పడుతున్నారు. ఊళ్ళలో అదే తర్జనభర్జన ట్రాక్టరు గురించి నడుస్తోంది. పదిహేనేళ్ళ కిందట కొన్న 35 హెచ్‌పీ బండి ఇచ్చేసి 50 హెచ్‌పీ తెచ్చుకుందామా, ఉన్నదాన్నే బాగుచేయించి నడుపుకుందామా?

మండల సమావేశాలకు వెళ్ళినచోటల్లా మద్దతు ధర సంగతి, కాలువ నీళ్ళ సంగతి అయిపోయాక రైతులు మమ్మల్ని పక్కకు పిలిచి అడుగుతున్న ప్రశ్న ఇది. ఎవరి బండి వాళ్ళిష్టం, సంఘానికి దాంతో ఏం పని అని కార్యకర్తల్లో కొందరు అంటున్నారు. కొనేటప్పుడు ఎవరి ఇష్టం వాళ్ళదే. కిస్తీ కట్టలేక బండి పోయినప్పుడు మాత్రం రైతు వచ్చేది సంఘం ఆఫీసుకే. అందుకని కొనకముందే మాట్లాడుకోవడం మంచిదని మేం అనుకుంటున్నాం.

కారు కొనే ఉద్యోగికి అది ఖర్చని తెలుసు. నెల జీతంలోంచి కడతాడు, కట్టగలిగినంతే కొంటాడు, మోజుపడితే కాస్త ఎక్కువ కొంటాడు. ట్రాక్టరును అలా అమ్మరు. "దాని కిస్తీ అదే సంపాదించుకుంటుంది" అని చెప్పి అమ్ముతారు. ఆ సంపాదన ఎన్ని గంటల పనిలోంచి వస్తుందో షోరూంలో ఎవరూ కాగితం మీద వేసి చూపించరు. ఆ పని మనమే చేద్దాం. కింది అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి. మీ ఊరి కిరాయిలు, మీ బ్యాంకు వడ్డీ పెట్టి మీరు మళ్ళీ వేసుకోండి.

మూల ధర 8 లక్షలున్న బండి అనుకుందాం. పన్ను తగ్గినందువల్ల మిగిలేది 56 వేలు. చిన్న మొత్తం కాదు, కాదనం. అయితే కొత్త బండి ధర తగ్గినప్పుడు పాత బండికి వచ్చే ధరా తగ్గుతుంది. ఎక్స్ఛేంజిలో ఇచ్చేవాళ్ళకు ఆ 56 వేలలో కొంత అక్కడే పోతుంది. బండితోపాటు పెద్ద రోటావేటర్, రిజిస్ట్రేషన్, బీమా అన్నీ కలిపితే 10 లక్షలకు చేరుతుంది. పాత బండికి రెండు లక్షలు వచ్చి, చేతిలోంచి ఒక లక్ష పెడితే (ఈ లక్ష చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ మెడలోది కుదువపెడితేనే వస్తోంది) మిగతా 7 లక్షలు అప్పు. 12 శాతం వడ్డీ, ఐదేళ్ళు, ఆరు నెలలకో కిస్తీ. కిస్తీ సుమారు 95 వేలు వస్తుంది. ఏడాదికి లక్షా 90 వేలు. ఐదేళ్ళలో కట్టేది మొత్తం తొమ్మిదిన్నర లక్షలు. పన్నులో మిగిలింది 56 వేలు, వడ్డీకి పోయేది రెండున్నర లక్షలు. పండగ ఆఫరు ఫ్లెక్సీ మీద మొదటి అంకె ఒక్కటే ఉంటుంది.

ఇక గంటలు. కిరాయికి రోటావేటర్ వేస్తే గంటకు 1200 వస్తుందనుకుందాం. ఆ గంటకు ఐదు లీటర్ల డీజిల్ తాగితే 480 రూపాయలు పోతాయి. డ్రైవరుకు 150. ఆయిలు, బ్లేడ్లు, టైర్ల అరుగుదల, మరమ్మతులకు 170. చేతిలో మిగిలేది 400. ఏడాదికి లక్షా 90 వేలు కట్టాలంటే 475 గంటల కిరాయి దొరకాలి. రోజుకు ఎనిమిది గంటల చొప్పున అరవై రోజులు బండి ఆగకుండా తిరగాలి. అదీ కిస్తీకి మాత్రమే, ఇంట్లోకి రూపాయి రాకుండా.

అరవై రోజులే కదా అనిపిస్తుంది. కాలువ కింద దమ్ములు మూడు నాలుగు వారాల్లో ముగుస్తాయి. రబీ దుక్కులు ఇంకో రెండు మూడు వారాలు. ఆ రోజుల్లో ఊళ్ళో ఉన్న ప్రతి బండీ తిరుగుతుంది. తర్వాత ప్రతి బండీ చూరు కింద ఉంటుంది. ఇరవై ఏళ్ళ కిందట ఊరికి నాలుగైదు ట్రాక్టర్లున్న చాలా చోట్ల ఇప్పుడు వీధికి రెండున్నాయి. పైగా కిరాయి డబ్బు చేతిలో పడేది పంట అమ్ముడయ్యాక. మిల్లరు రైతుకు ఇవ్వాలి, రైతు బండి యజమానికి ఇవ్వాలి. డీజిల్ బంకువాడు మాత్రం అప్పటికప్పుడు తీసుకుంటాడు.

ట్రాక్టరు గిట్టుబాటు కావాలంటే ఏడాదికి వెయ్యి గంటల పని ఉండాలన్నది బ్యాంకుల పాత కొలమానం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టార్లు, తెలంగాణలో దాదాపు ఒక హెక్టారు. అంటే రెండున్నర ఎకరాలకు అటూ ఇటూ. ఆరెకరాలున్నవాడు మన లెక్కలో మధ్యరకం రైతు. ఆ ఆరెకరాలకు రెండు పంటలకూ దమ్ము, దుక్కి, తోలకం అన్నీ కలిపినా వంద గంటలు దాటడం కష్టం. మిగతాదంతా ఇంకొకరి పొలంలో దొరకాలి.

పెద్ద బండితో పని వేగంగా అవుతుంది కదా, అదే సమయంలో ఎక్కువ ఎకరాలు చేస్తాం కదా అని కుర్రవాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 35 హెచ్‌పీ బండికి ఐదడుగుల రోటావేటర్ సరిపోతుంది, 50 హెచ్‌పీ బండి ఆరడుగులది లాగుతుంది. రెండూ గంటకు మూడున్నర కిలోమీటర్ల నడకతో పోతున్నాయనుకుని, మలుపులకూ గట్లకూ పావు వంతు సమయం తీసేస్తే, ఐదడుగులదానికి ఎకరానికి గంట పైచిలుకు, ఆరడుగులదానికి యాభై నిమిషాలు పడుతుంది. ఎకరానికి మిగిలేది పది నిమిషాలు. పెద్ద బండి ఇంకో గేరు ఎక్కువలో పోగలదు, గట్టి నేలలో రెండు సాళ్ళ పని ఒక్క సాలులో చేయగలదు, అది నిజం. కానీ మన మడి అరెకరం, ముప్పావు ఎకరం. తిరిగి చూసుకునేలోపు గట్టు వస్తుంది. మడి చిన్నదయ్యేకొద్దీ మలుపులే పని అవుతాయి. అక్కడ హెచ్‌పీ అక్కరకు రాదు.

రోడ్డు మీద సంగతి వేరుగా చెప్పాలి. పెద్దదైనా చిన్నదైనా ఎక్కువ ట్రాక్టర్లు గంటకు ముప్పై కిలోమీటర్ల దరిదాపుల్లోనే పోతాయి. పెద్ద బండి వెనక పెద్ద ట్రక్కు, ఎక్కువ బరువు కడతారు, అంతే తేడా. ఆ ట్రక్కుకు చాలాసార్లు బ్రేకు ఉండదు, వెనక లైటు ఉండదు. మిరపకోతకో పత్తి తీతకో పోయే కూలీ ఆడవాళ్ళు అందులో కూర్చుంటారు. వ్యవసాయ ట్రాక్టరు బీమాలో వాళ్ళకు రక్షణ లేదని బీమా కంపెనీలు కోర్టుల్లో వాదిస్తూనే ఉన్నాయి. కొత్త బండికి పెట్టే డబ్బులో పదో వంతు ఉన్న ట్రక్కు బ్రేకులకూ రిఫ్లెక్టర్లకూ పెడితే ఊరికి ఎక్కువ మేలు.

పెద్ద బండి ఎక్కడా అక్కర్లేదని మేం అనడం లేదు. ప్రకాశం, కర్నూలు, నంద్యాల నల్లరేగళ్ళలో శనగ వేసే రైతుకు అదనంటే ఏమిటో తెలుసు. వాన వెలిశాక నేల పదును నిలిచేది కొద్ది రోజులు. ఆలోగా విత్తనం పడకపోతే ఏడాది పోయినట్టే. అక్కడ మళ్ళు పెద్దవి, కౌలుకు తీసుకుని ముప్పై, నలభై ఎకరాలు చేసేవాళ్ళున్నారు. లోతు దుక్కికి, వెడల్పు గొర్రుకు బలం కావాలి. అలాంటి చోట 50 హెచ్‌పీ మోజు కాదు, అవసరం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో సంగతి తిరగబడుతుంది. దమ్ములో బరువు ఎక్కువైతే బండి దిగబడుతుంది. 35 హెచ్‌పీ బండి బరువు సుమారు 1800 కిలోలుంటే, 50 హెచ్‌పీది 2100 దాటుతుంది. దాని వెనక ఆరడుగుల రోటావేటర్, పక్కన కేజీ వీల్స్. ఊబి మడిలో దిగితే ఇంకో ట్రాక్టరు వచ్చి లాగాలి. ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకోండి అంటాడు డీలరు. తీసుకోవచ్చు, దానికి ఇంకో లక్షకు తక్కువ కాదు.

హెచ్‌పీ అనే అంకె గురించి కూడా రెండు మాటలు. బానెట్ మీద రాసింది ఇంజను శక్తి. రోటావేటర్‌ను తిప్పేది పీటీఓ దగ్గరకు చేరే శక్తి, అది అంతకన్నా తక్కువ. మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షిస్తుంది. పీటీఓ దగ్గర ఎంత శక్తి వచ్చింది, గంటకు ఎంత డీజిల్ తాగింది అన్నవి ఆ పరీక్ష నివేదికలో ఉంటాయి. మీరు చూస్తున్న మోడల్ నివేదిక చూపించమని డీలరును అడగండి. చూపించకపోతే పక్క షోరూంకు వెళ్ళండి. 49, 49.5 హెచ్‌పీ అని విచిత్రమైన అంకెలతో బండ్లు ఎందుకు వస్తున్నాయో కూడా తెలుసుకోవాలి. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ నిబంధనలు వచ్చాయి. వాటికి ఖరీదైన ఇంజను పెట్టాలి, ఎలక్ట్రానిక్ పంపు పెట్టాలి. ఆ గీత దాటకుండా కంపెనీలు కిందనే ఆగుతున్నాయి. గీత దాటిన బండి కొంటే ధరే కాదు, మరమ్మతూ మారుతుంది. చెట్టు కింద మెకానిక్ స్పానరు పట్టుకుని బాగుచేసే బండి కాదది, కంప్యూటర్ తగిలించి చూడాలి. కోత రోజుల్లో అది ఆగితే సర్వీసు మనిషి ఎప్పుడొస్తాడో ముందే అడిగి పెట్టుకోండి.

ఇప్పుడు అప్పు దగ్గరికి వద్దాం. సంఘం పట్టించుకోవలసిన అసలు చోటు ఇదే. తాకట్టు లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణం పరిమితిని రిజర్వు బ్యాంకు 2025 జనవరి నుంచి రెండు లక్షలకు పెంచింది. ట్రాక్టరు అప్పు ఆ పరిమితి ఎప్పుడో దాటేస్తుంది కాబట్టి ప్రభుత్వ బ్యాంకు పొలం తనఖా అడుగుతుంది, తిప్పుతుంది, ఆలస్యం చేస్తుంది. షోరూంలోనే బల్ల వేసుకుని కూర్చున్న ఫైనాన్సు కంపెనీవాడు గంటలో కాగితాలు పూర్తిచేస్తాడు. వడ్డీ ఎక్కువ, ఖాళీ చెక్కులు తీసుకుంటాడు, నెలనెలా కిస్తీ పెట్టినా ఆశ్చర్యం లేదు. పంట ఆర్నెల్లకోసారి వచ్చే రైతుకు నెలవారీ కిస్తీ ఏమిటని అడిగినవాళ్ళకు "అందరూ అలాగే కడుతున్నారు" అన్న జవాబు వస్తుంది. అందరూ కట్టడం లేదు. రెండో ఏడే కట్టలేక చేతులెత్తేస్తున్నవాళ్ళను మేం చూస్తున్నాం.

2022 సెప్టెంబరులో ఝార్ఖండ్‌లోని హజారీబాగ్ జిల్లాలో, కిస్తీ బాకీ కోసం ట్రాక్టరు పట్టుకుపోతున్న వసూలు మనుషులకు అడ్డుపడిన గర్భిణి అదే ట్రాక్టరు చక్రాల కింద నలిగి చనిపోయింది. ఆ రైతు కూతురు ఆమె. దేశమంతా గగ్గోలు పుట్టాక ఆ ఫైనాన్సు సంస్థ బయటి ఏజెంట్లతో వసూళ్ళు చేయించకుండా రిజర్వు బ్యాంకు కొన్ని నెలలు ఆపించింది. బ్యాంకులు గూండాలను పెట్టి బండ్లు లాక్కోవడం కుదరదని, చట్టబద్ధమైన దారిలోనే వెళ్ళాలని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీ కోసం ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో మళ్ళీ రాసి పంపింది. ఈ నియమాలు మన కార్యకర్తల నోట్లో ఉండాలి. ఇంటి ముందుకు ఏజెంటు వచ్చినప్పుడు అతని గుర్తింపు కార్డు, సంస్థ ఇచ్చిన అధికార పత్రం అడగాలి. చూపించకపోతే సంఘం ఆఫీసుకు ఫోను చేయాలి. బండి ఇచ్చేస్తున్నానని ముందే రాసిన కాగితం మీద సంతకం పెట్టొద్దు.

వ్యవసాయ భూమి సర్ఫేసీ చట్టం కిందకు రాదు. కోర్టుకు వెళ్ళకుండా బ్యాంకు పొలాన్ని ఆ చట్టంతో వేలం వేయలేదు. ఇది కూడా తెలియక భయపడి, బండి బాకీకి ఎకరం అమ్మేసినవాళ్ళున్నారు. బండి అరిగిపోయే వస్తువు, పదేళ్ళలో దాని విలువ ఇనుము ధరకు దగ్గరవుతుంది. ఎకరం అలాంటిది కాదు.

మరి ఉన్న చిన్న బండిని ఏం చేయాలి? ఇంజను పొగ తాగుతుంటే బోరు, పిస్టన్లు, రింగులు వేయించాలి. క్లచ్, హైడ్రాలిక్ చూసుకోవాలి. మంచి మెకానిక్ దొరికితే ఇదంతా లక్షలోపు పని. ఎవరూ ఫ్లెక్సీ వేసి చెప్పని సంగతి ఒకటుంది. ఆ సెప్టెంబరులోనే ట్రాక్టరు టైర్ల మీద, గేర్‌బాక్స్, క్లచ్, బ్రేకులు, రేడియేటర్ లాంటి విడిభాగాల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. అంటే కొత్త బండి మీద తగ్గింది 7 శాతం, పాత బండి మరమ్మతు సామాను మీద తగ్గింది 13 శాతం. దుకాణంలో బిల్లు అడిగి, 5 శాతమే వేశాడో లేదో చూసుకోండి. పాత ధరకే అమ్ముతుంటే మాకు చెప్పండి.

చిన్న బండి చేయలేని పని ఉంటుంది. లోతు దుక్కి, పత్తి మోళ్ళు పీకి తొక్కించడం, పెద్ద గొర్రు. ఏడాదిలో అది కొద్ది రోజుల పని. ఆ కొద్ది రోజుల కోసం ఐదేళ్ళ అప్పు చేయడంకన్నా నలుగురైదుగురు కలిసి ఒక పెద్ద బండి పెట్టుకోవడమో, కిరాయికి తెచ్చుకోవడమో మేలు. 2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకంలో అద్దె యంత్రాల కేంద్రాలకు సబ్సిడీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చిన యంత్ర సేవా పథకంలో రైతు బృందం 10 శాతం పెడితే 40 శాతం సబ్సిడీ ఇచ్చేవారు, మిగతా సగం బ్యాంకు అప్పు. కాగితం మీద మంచి పథకమే. ఊళ్ళో చూస్తే చాలా చోట్ల బృందమంటే ఒక ఇంట్లోవాళ్ళ పేర్లు. బండి ఆ ఇంటి వాకిట్లోనే ఉంటుంది. అదనులో ముందు ఆయన పొలం, తర్వాత ఆయన బంధువుల పొలాలు, ఆ తర్వాత కిరాయి. కౌలు రైతు వంతు వచ్చేసరికి పదును ఆరిపోతుంది. పథకాలు వద్దనడానికి ఇది కారణం కాదు. సబ్సిడీ బండి ప్రతిదానికీ గ్రామ సచివాలయం, పంచాయతీ గోడల మీద కిరాయి రేటు రాయించాలని, వరస పుస్తకం పెట్టించాలని, కౌలు గుర్తింపు కార్డు ఉన్నవాళ్ళకు బృందంలో చోటివ్వాలని రెండు రాష్ట్రాల్లోనూ అడుగుదాం. వసూలు మనుషులు వచ్చాక ధర్నా చేయడంకన్నా ఇది తేలికైన పోరాటం.

కలిసి కొంటే తగువులొస్తాయని పెద్దలు అంటారు. వస్తాయి. ఎవరి మడి ముందు, బ్లేడు విరిగితే ఎవరు వేయించాలి, డ్రైవరు ఎవరి కొడుకు అన్న దగ్గర పడతారు. అందుకే డీజిల్, డ్రైవరు ఖర్చు వాడుకున్నవాడిది, టైర్లు, రిపేర్లు గంటల లెక్కన అందరిదీ, వరస చీటీ వేసి తేల్చడం అని ముందే కాగితం మీద రాసుకుని, దాని కింద ఇళ్ళల్లోని ఆడవాళ్ళ సంతకాలు కూడా తీసుకోవాలి. ఆ కాగితం నమూనా కావలసినవాళ్ళకు జిల్లా ఆఫీసులో ఇస్తాం.

ఇంకో చిన్న పని. ప్రతి ట్రాక్టరుకూ మీటరు బోర్డులో గంటల అంకె ఉంటుంది. ఈ నెల ఒకటో తేదీన ఎంత ఉందో రాసిపెట్టుకోండి, వచ్చే నెల ఒకటిన మళ్ళీ రాయండి. మీటరు పనిచేయకపోతే ముందు దాన్ని బాగుచేయించండి. సొంత పొలం ఎన్ని గంటలు, కిరాయి ఎన్ని గంటలు, కిరాయిలో ఎంత వసూలైంది, ఎంత అరువు అని నాలుగు గళ్ళు చాలు. మండల కమిటీలు ఈ చీటీలు పోగుచేసి పంపితే, ఏ ఊళ్ళో ఎన్ని బండ్లకు నిజంగా ఎంత పని ఉందో ఈ పత్రికలోనే పట్టిక వేస్తాం.